ఎనిమిది రూపాయల ఉంగరం

సావనీరుకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు హాస్టలు జ్ఞాపకాలు రాస్తే సరిపోతుందనుకున్నాను. జ్ఞాపకాలకేం కొదవ లేదు. మెస్సు సాంబారు గురించి, వార్డెను గారి సైకిలు గురించి నాకంటే బాగా రాసేవాళ్ళు మన పాత విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఈసారి ఘంటసాల గారి జీవితం రాస్తానన్నాను. కార్యదర్శి ఒక్క క్షణం ఆగి, అది అందరికీ తెలిసిందే కదా సార్ అన్నాడు. తెలిసిందే. అయినా ఎందుకు రాస్తున్నానో చెబుతాను.

నేనిప్పుడు సూర్యాపేటలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. పోయిన దసరా సెలవుల్లో నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇంటికొచ్చాడు. బాగా పాడతాడు. వాళ్ళ ఊళ్ళో బతుకమ్మ దగ్గర మైకు పట్టుకుంటే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టడం మరచి వింటారు. సెల్‌ఫోనులో ఒక కాగితం చూపించి, అందులో ఉన్న ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో చూడమన్నాడు. పాటను రికార్డు చేసి, వీడియో తీసి, లక్షలమందికి చేరుస్తామని ఎవరో రాసిన ఒప్పందం. ముందుగా పాతికవేలు కట్టాలి. పైసలు ఎక్కడివిరా అని అడిగితే, అమ్మ కమ్మలు కుదువ పెట్టడానికి పోతున్నానన్నాడు.

నేను ఆ కాగితం వెంటనే చదవలేదు. వాణ్ణి కూర్చోబెట్టి గంటసేపు ఘంటసాల గారి కథ చెప్పాను. ఆ గంటలో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఆయన కీర్తి గురించి పుస్తకాలున్నాయి, సభలు జరుగుతున్నాయి. నేను చెప్పేది ఆయన జీవితంలోని జమాఖర్చుల సంగతి. ఆయన దగ్గర ఎవరు తీసుకున్నారు, ఆయనకు ఎవరు ఇచ్చారు, ఆయన ఎవరికి ఇచ్చారు అన్నది.

ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయిస్తూ, నారాయణతీర్థుల తరంగాలు పాడుతూ భజనలు నడిపేవారు. పిల్లవాణ్ణి భుజం మీద ఎక్కించుకొని తీసుకుపోయేవారు. తరంగానికి ఆ పసివాడు అడుగులు వేస్తుంటే జనం ముచ్చటపడి బాలభరతుడని పిలిచేవారట. ఆ ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. పోయేముందు కొడుకును దగ్గరకు పిలిచి, నువ్వు గొప్ప సంగీత విద్వాంసుడివి కావాలని కోరారు. ఆ తర్వాత మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారు ఆ కుటుంబాన్ని ఆదుకున్నారు.

తండ్రికిచ్చిన మాట ఒకపక్క, ఇంట్లో లేమి ఇంకొకపక్క. ఆ వయసు పిల్లవాడికి సంగీతం ఎక్కడ దొరుకుతుందో ఎవరు చెప్పాలి? మొదట గురుకులాల్లో చేరి, అక్కడి కట్టుబాట్లకు తట్టుకోలేక తిరిగొచ్చేశాడు. తర్వాత తెలిసిన విద్వాంసుల ఇళ్ళకు వెళ్ళాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతికించారు. ఇంకొక ఇంట్లో వంట చేయించారు. చాకిరీ అయితే జరిగింది గాని పాఠం ముందుకు సాగలేదు. విద్య నేర్పుతామని పిలిచి చాకిరీ చేయించుకోవడం మన దేశంలో కొత్త కాదు, ఆ కాలానికి అది తప్పనిపించి కూడా ఉండకపోవచ్చు. కాని నేర్చుకోవాలనే ఆకలి ఉన్న పిల్లవాడి దగ్గర ఎవరైనా ఎంతైనా రాబట్టవచ్చని మనం మొట్టమొదట గమనించవలసింది ఇక్కడే.

ఇక లాభం లేదని, పద్ధతిగా చెప్పే చోటికే పోవాలని నిర్ణయించుకున్నాడు. తెలుగు నేల మీద అప్పట్లో సంగీతానికి కళాశాల అంటే విజయనగరమే. చేతిలో చిల్లిగవ్వ లేదు. వేలికి ఒక ఉంగరం ఉంది. దాని విలువ నలభై రూపాయలు. అమ్మితే చేతికొచ్చింది ఎనిమిది రూపాయలు! కొన్నవాడి పేరు చరిత్రలో లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. అవసరంలో ఉన్నవాడి దగ్గర కొనేవాడు వాడే తూకపురాళ్ళు వేరే ఉంటాయి. ఆ ఎనిమిది రూపాయలతోనే ఆ కుర్రవాడు రైలెక్కాడు.

ఇక్కడ కథ కాసేపు ఆపి మా ముగ్గురి ఉంగరం సంగతి చెప్పాలి.

1995 ప్రాంతంలో మన కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో మేం ముగ్గురం ఉండేవాళ్ళం. నాది సూర్యాపేట, ఒకడిది కోదాడ, ఇంకొకడిది మిర్యాలగూడ. అప్పటికి మూడూ నల్లగొండ జిల్లా ఊళ్ళే. నేను పాడేవాణ్ణి. కోదాడవాడు కీబోర్డు వాయించేవాడు. మిర్యాలగూడవాడు పాటలు కట్టేవాడు. వాళ్ళ నాయిన రైసుమిల్లులో హమాలీ. బస్తా ఎత్తేటప్పుడు హమాలీలు పలికే లయ వాడి పాటల్లో ఉండేది. కాలేజీ వార్షికోత్సవంలో మా పాటకు ఈలలు పడ్డాయంటే అందులో ముప్పాతిక వంతు వాడి పుణ్యమే.

ఒకనాడు పేపర్లో చిన్న ప్రకటన చూశాం. కొత్త గాయనీగాయకులు, రచయితలు కావలెనని. వెళ్ళాం. ఒక లాడ్జి రెండో అంతస్తులో గది. గోడనిండా సినిమావాళ్ళతో దిగిన ఫోటోలు. ఆయన నా పాట పల్లవి మాత్రమే విన్నాడు. చరణం ఎత్తుకోకముందే లేచి భుజం తట్టాడు. ఇటువంటి గొంతు పదేళ్ళకొకసారి వస్తుందన్నాడు. ఆ మాటకు మేం ముగ్గురం నేలమీద లేం. క్యాసెట్టు వేస్తాం, అమ్మకాల్లో వాటా ఇస్తాం, రికార్డింగు ఖర్చు మాత్రం మీరు పెట్టుకోవాలన్నాడు. మొత్తం పద్దెనిమిది వేలు, తలా ఆరువేలు. మా అమ్మ గొలుసు పోయింది. కోదాడవాళ్ళు గొర్రెలు అమ్మారు. మిర్యాలగూడవాడి నాయిన మిల్లులో అడ్వాన్సు తీసుకొని, ఆ సీజనంతా మోసి తీర్చాడు.

రికార్డింగు ఒక రాత్రి జరిగింది. స్టూడియో బయట మాలాంటివాళ్ళే ఇంకో పదిమంది సంచులు పట్టుకొని కూర్చుని ఉన్నారు. ఆ దృశ్యం చూసైనా మాకు బుద్ధి రావలసింది, రాలేదు. మూడు వందల క్యాసెట్లు అట్టపెట్టెలో పెట్టి మా చేతికిచ్చారు. అమ్ముకునే బాధ్యత మాదేనట. సూర్యాపేటలో ఏ షాపు కూడా తీసుకోలేదు. నెల తర్వాత లాడ్జికి పోతే గది ఖాళీ. పైసలు పోతే పోయాయనుకున్నాం. అసలు దెబ్బ తర్వాత తగిలింది. రెండేళ్ళకొకసారి దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతరకు వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో మా పాట వినిపించింది. గొంతు నాది కాదు. అట్ట మీద రచయిత పేరు మావాడిది కాదు. ఆ రాత్రి మేం చదవకుండా సంతకం చేసిన కాగితంలో పాటలపై సర్వహక్కులూ శాశ్వతంగా రాసిచ్చినట్టు ఉందని అప్పుడు తెలిసింది. మావాడు ఆ దుకాణం ముందు పాట అయిపోయేదాకా నిలబడి విన్నాడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా బస్సెక్కాడు. మళ్ళీ పాట కట్టలేదు.

ఘంటసాల గారి దగ్గరికి వద్దాం. ఆయన విజయనగరం చేరేసరికి వేసవి సెలవులు. కళాశాల మూసి ఉంది. ప్రిన్సిపాలు గారిని బతిమాలితే ఆవరణలో పడుకోవడానికి అనుమతి ఇచ్చారు. రోజుకొక ఇంట వారాలు చేసుకొని తింటూ కాలం గడుపుతుండగా, తోటి విద్యార్థులు చేసిన తప్పుకు ఈయన్ని బయటికి పంపారు. ఆ వార్త విని వారాలు పెట్టే ఇళ్ళవాళ్ళు కూడా రావద్దన్నారు. ఊరుకాని ఊరు, తోడు లేదు, మీద నింద. ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు. ఎంతటివాడికైనా ఇల్లు చేరుకోవాలనిపించే ఘడియ అది. ఆ ఘడియలో ఆ గుడికి వచ్చినవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు.

సాలూరు చిన్న గురువుగారని ప్రసిద్ధి పొందిన శాస్త్రిగారు గొప్ప గాయకులు, కవి, విజయనగరం కళాశాలలో అధ్యాపకులు. కుర్రవాడి సంగతి విని ఇంటికి తీసుకువెళ్ళి ఉచితంగా పాఠం మొదలుపెట్టారు. ఆయనా పేదవారే. పాఠం పెట్టగలిగారు గాని రెండు పూటలా అన్నం పెట్టలేకపోయారు. అప్పుడొక సాధువు మాధుకరం చెయ్యమని దారి చూపించాడు. భుజాన జోలె కట్టుకొని వీధి వీధి తిరిగి, రెండు పూటలకు సరిపడా అన్నం తెచ్చుకునేవాడు. రాత్రికని దాచుకున్న అన్నానికి చీమలు పడుతుంటే మేనమామకు ఉత్తరం రాసి ఒక చిన్న డబ్బా తెప్పించుకున్నాడట. మనం సభల్లో ఆయన పేరుకు ముందు ఎన్నో బిరుదులు తగిలిస్తాం. నాకు మాత్రం ఆ పేరు వినగానే ఆ డబ్బానే గుర్తుకు వస్తుంది.

శాస్త్రిగారి శిక్షణ కఠినమైనది. పల్లవి వినగానే భుజం తట్టే మనిషి కాదాయన. ఆ తర్వాత కళాశాలలో చేరిన ఘంటసాల నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలో పూర్తిచేశాడు. ఒక్క విషయం గమనించండి. ఆయన కడుపు ఎండింది, అవమానం పడ్డాడు, అడుక్కున్నాడు కూడా. కాని ఆయనకు నిజంగా విద్య ఇచ్చిన మనిషి పైసా అడగలేదు. అడిగినవన్నీ సాధన, ఓర్పు, తెల్లవారుజాము నిద్ర.

చదువు పూర్తిచేసుకొని ఊరికి తిరిగివచ్చి, పెళ్ళిళ్ళలో, ఉత్సవాల్లో పాడుతూ, పిల్లలకు పాఠాలు చెబుతూ బతుకు సాగించాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. పాటగాడికి ఎందుకీ గొడవ అనుకోలేదు. ఉద్యమంలో దిగి జైలుకు వెళ్ళాడు. విడుదలై వచ్చాక 1944 మార్చి 4న సావిత్రి గారితో వివాహం జరిగింది. తన పెళ్ళిలో తానే కచేరీ చేశాడని చెప్పుకుంటారు. అత్తగారి ఊరు పెదపులివర్రు. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్య గారిదీ ఆ ఊరే. ఆయన ఈ గొంతు విని మద్రాసు రమ్మన్నారు.

రమ్మనడం వరకే సముద్రాల గారు చేసింది. వస్తే స్టారును చేస్తానని మాట ఇవ్వలేదు, రావడానికి రుసుము కట్టమనలేదు. మద్రాసు చేరాక తన ఇంట్లోనే ఉంచుకొని, చిత్తూరు నాగయ్య గారి దగ్గరికి, బి.ఎన్.రెడ్డి గారి దగ్గరికి తీసుకువెళ్ళి పాడించారు. అవకాశం ఇస్తామన్నారేగాని అది వెంటనే వచ్చేది కాదు. సముద్రాల వారి ఇల్లు చిన్నది. వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక ఘంటసాల బయటికి వచ్చి, పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలు ఇచ్చి రాత్రిళ్ళు అక్కడే పడుకునేవాడు. పగలంతా అవకాశాల కోసం తిరుగుడు.

సినిమా ఆశతో మద్రాసు రైలు దిగిన కుర్రవాళ్ళు ఆ రోజుల్లో ఎందరో. ఆ ఆశనే సరుకుగా చేసుకొని బతికిన దళారులకూ ఏ కాలంలోనూ కొదవ లేదు. ఘంటసాల గారు కట్టిన రుసుమల్లా ఆ రెండు రూపాయలే. అదీ నిద్రపోయే చోటుకు, పాడే చోటుకు కాదు. పాడే చోట్ల ఆయనకే ఇచ్చారు. ఆకాశవాణిలో పాడే అవకాశాలు వచ్చాయి. గ్రామఫోను కంపెనీలో ఉన్న పేకేటి శివరాం గారు ఆయన చేత విడి పాటలు రికార్డు చేయించారు. 1944లో వచ్చిన ‘సీతారామ జననం’లో బృందంలో పాడి, చిన్న వేషం కూడా వేశారు. 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతి గారితో కలిసి పాడారు. ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ చిత్రాల్లో కూడా కనిపించారు. బృందగానం నుంచి మొదలై ఒక్కొక్క మెట్టే ఎక్కారు. మొదటి రోజే సింహాసనం చూపించినవాడు ఆయన దారిలో ఒక్కడూ లేడు.

1948లో ‘బాలరాజు’ సంగీతంలో పాలుపంచుకున్నారు. 1949లో ‘కీలుగుర్రం’, ‘మనదేశం’, 1950లో ‘షావుకారు’, 1951లో ‘పాతాళభైరవి’ ఆయన సంగీతంతో వచ్చాయి. 1953లో ‘దేవదాసు’కు ఆయన పాడిన పాటలు నేటికీ సూర్యాపేట బస్టాండులో ఏదో ఒక ఫోనులో మోగుతూనే ఉంటాయి. 1957లో ‘మాయాబజార్’, 1963లో ‘లవకుశ’. రామారావు గారికీ ఆ గొంతే, నాగేశ్వరరావు గారికీ ఆ గొంతే, అయినా తెరమీద ఎవరికి పాడితే వారి గొంతులాగే వినిపించేది. పద్యం పాడే తీరును నాటకాల రాగాలాపన నుంచి తప్పించి, మాట స్పష్టంగా, భావం ముందుండేట్టు మలిచింది ఆయనే. మా ఊళ్ళ పద్యనాటకాల వాళ్ళు కూడా ఆయన పద్ధతినే అందుకున్నారు.

ఇక ఆయన ఇచ్చిన లెక్క. మద్రాసులో తన ఇల్లు ఏర్పడ్డాక అది సంగీతగాళ్ళ సత్రం వంటిదైంది. బడే గులాం అలీఖాన్ వంటి మహావిద్వాంసుడు ఆ ఇంట్లో అతిథిగా ఉన్నారు. గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు దశాబ్దాల పాటు ఘంటసాల గారికి సహాయకులుగా ఉండి పనిచేశారు. ఒకప్పుడు తనకు ఉచితంగా పాఠం పెట్టిన ఇంటి మనిషి తన పక్కన హార్మోనియం ముందు కూర్చోవడం కంటే గురుదక్షిణ ఏముంటుంది? సినిమాలు కూడా తీశారు. 1953లో ‘పరోపకారం’, 1956లో ‘సొంతవూరు’, 1960లో ‘భక్త రఘునాథ్’. అవి డబ్బు తేలేదు, నష్టాలు మిగిల్చాయి. పాట తెలిసినంతమాత్రాన వ్యాపారం తెలియాలని లేదు. ఆ నష్టాలను ఎవరి నెత్తినా రుద్దకుండా, మళ్ళీ పాడి తీర్చుకున్నారు.

ఇంకొక లెక్క ఉంది. అది ఆయన ఒక్కరిదే కాదు, ఆ తరం గాయకులందరిదీ. పాడినందుకు ఆ రోజు ఇచ్చే సొమ్ముతో సరి. తర్వాత ఆ రికార్డు ఎన్నివేల ఇళ్ళల్లో తిరిగినా గాయకుడికి చట్టప్రకారం వాటా అంటూ లేదు. 1957 నాటి కాపీరైటు చట్టంలో గాయకుడి ఊసే లేదు. 1977లో సుప్రీంకోర్టు కూడా నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సినిమా పాటపై, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు నిర్మాతదేనని తీర్పు చెప్పింది. పాటకు ప్రాణం పోసినవారికి ఆ పాట సంపాదనలో వాటా ఉండాలన్న మాట గట్టిగా చట్టంలోకి ఎక్కడానికి 2012 సవరణ రావలసివచ్చింది. అప్పటికి ఘంటసాల గారు పోయి ముప్ఫై ఎనిమిదేళ్ళు.

ఆ సవరణలో ఏముందో మన విద్యార్థులకు తెలియాలి. పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ వాటాను వదులుకుంటున్నామని కంపెనీకి సంతకం చేసి ఇచ్చినా అది చెల్లదు. పాడినవారికి కూడా ఆ పాటను వ్యాపారానికి వాడినప్పుడు రాయల్టీ అడిగే హక్కు వచ్చింది. హక్కు రాసిచ్చే కాగితంలో ఏ పాట, ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము అన్నవి స్పష్టంగా ఉండాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళుగానే లెక్కిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఈ అయిదేళ్ళ నియమం 1995లో మా చేత సంతకం పెట్టించిన రోజుకే అమల్లోకి వచ్చింది. అందుకేనేమో, మా కాగితంలో శాశ్వతంగా అన్న మాట మరచిపోకుండా రాశారు. మాకు చట్టం తెలియదు. వాళ్ళకు బాగా తెలుసు. మోసంలో సగం బలం అక్కడే ఉంటుంది.

క్యాసెట్టు పోయింది గాని ఆ లాడ్జి గది పోలేదు. ఇప్పుడది ఫోనులోకి వచ్చింది. ఒకడు పెద్ద టీవీ పాటల పోటీ పేరు చెప్పి, ఎంపికయ్యారు, రిజిస్ట్రేషను కట్టండంటాడు. ఒకడు మీ పాటకు లక్ష వినికిళ్ళు తెప్పిస్తానంటాడు. వినేది మనుషులు కాదు, యంత్రాలు. ఆ సంగతి పసిగట్టిన సంస్థలు పాటనే తీసేస్తాయి, రావలసిన సొమ్ము ఆపేస్తాయి. నష్టపోయేది పాడినవాడే. ఇంకొకడు పైసలు అడగకుండానే మీ జానపదాన్ని తన ఛానల్లో వేసుకుంటాడు, అందుకు రాయించుకునే కాగితంలో మాత్రం మీ తరవాతి పాటలు కూడా కలిపి రాసుకుంటాడు. రూపాలు వేరు. మూలం ఒకటే. సంగీతంతో వ్యాపారం చేసేవాడికి సొమ్ము వినేవాళ్ళ నుంచి రావాలి. పాడేవాళ్ళ నుంచి వస్తోందంటే అక్కడ అమ్ముడవుతున్నది పాట కాదు, పాడేవాడి ఆశ.

మీరు స్వయంగా స్టూడియో అద్దెకు తీసుకొని రికార్డు చేసుకుంటే అది వేరు. దానికి ధర కట్టండి, రసీదు తీసుకోండి, పాట మీది. కాని ఎంపిక చేశామని చెప్పి సొమ్ము అడిగితే అది ఎంపిక కాదు. కాగితం ఇచ్చి ఇవాళే సంతకం చెయ్యాలంటే, రేపటిదాకా ఆగండి. రేపటికి పోయే అవకాశం మీది కాదు. ఒకవేళ ఆన్‌లైనులో డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యండి. మేం ముగ్గురం సిగ్గుపడి పోలీసు స్టేషను మెట్లెక్కలేదు. మా తర్వాత ఆ మనిషి ఇంకెందరి గొలుసులు తీసుకున్నాడో! మా మౌనం కూడా అందులో భాగమేనని ఇప్పుడనిపిస్తుంది.

1970లో ఘంటసాల గారికి పద్మశ్రీ వచ్చింది. 1971లో విదేశాలకు వెళ్ళి యూరపులో, అమెరికాలో కచేరీలు చేశారు. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితిలో పాడారు. చివరి రోజుల్లో ఆరోగ్యం క్షీణించింది. ఆ అలసిన గొంతుతోనే భగవద్గీత రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. వయసు యాభై ఒకటి. 2003లో ఆయన పేర తపాలా బిళ్ళ వచ్చింది. ఆ గీతను నేడు మన ఊళ్ళల్లో శవయాత్ర బండి మీద వేస్తున్నారు. అది వినబడగానే పిల్లలు ఎవరు పోయారని అడుగుతున్నారు. బతకడం ఎలాగో చెప్పే పాటను చావు గుర్తుగా చేసుకున్నాం. ఆయన జీవితాన్ని కూడా అలాగే దండలు వేసే పటంగా మార్చేశామేమోనని నా బాధ.

దసరా నాడు వచ్చిన కుర్రవాడు అంతా విని, మరి ఉంగరం అమ్మకపోతే ఆయన విజయనగరం పోయేవాడే కాదు కదా సార్ అని అడిగాడు. మంచి ప్రశ్న. నేను కాసేపు ఆలోచించవలసివచ్చింది. అమ్మడం తప్పు కాదు. ఘంటసాల గారి ఉంగరం పోయింది గాని, ఆ ఎనిమిది రూపాయలు ఆయన్ని చదువు ఉన్న ఊరికి చేర్చాయి. మా అమ్మ గొలుసు మమ్మల్ని ఒక లాడ్జి గదికి చేర్చింది. వస్తువు పోవడం రెండుచోట్లా ఒకటే, అది దేనికి పోయిందన్నదే తేడా. ఆ మాటే చెప్పాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ కాగితం మొత్తం చదివాం. పాతికవేలు కట్టేది వాడు, హక్కులు వాళ్ళవి, కాలం శాశ్వతం. ముప్ఫై ఏళ్ళలో ఒక్క మాట కూడా మారలేదు.

వాడు కమ్మలు తీసుకొని ఇంటికి పోయాడు. ఇప్పుడు ఆదివారాలు కోదాడ దగ్గర ఒక పాత హార్మోనియం మాస్టారి దగ్గరికి పోతున్నాడు. గొప్ప గాయకుడవుతాడో లేదో నేను చెప్పలేను. కమ్మలు మాత్రం వాళ్ళ అమ్మ చెవులకే ఉన్నాయి.

ఈ వ్యాసం రాసే ముందు మిర్యాలగూడ మిత్రుడికి ఫోను చేసి అనుమతి అడిగాను. పేరు వెయ్యకుండా రాసుకోమన్నాడు. మళ్ళీ ఎప్పుడైనా పాట కడతావా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. అవతల మిల్లు చప్పుడు వినిపిస్తూనే ఉంది. చివరికి, సావనీరు అచ్చయ్యాక తనకూ ఒక ప్రతి పంపమన్నాడు. సంఘం వారు ఒక ప్రతి ఎక్కువ ఇస్తే పంపుతాను.